పేటలో కంప్యూటర్ కేంద్రం పెట్టాలంటే: నోటు పుస్తకం నుంచి మూడో నెల దాకా

“పది పాత కంప్యూటర్లు ఇస్తామన్నారు, గది కూడా దొరికింది. ఇప్పుడేం చేయమంటారు?” నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే మొదలవుతాయి. ఆ కంప్యూటర్లను ఇంకో నెల అక్కడే ఉండనివ్వండని జవాబు రాస్తాను. యంత్రాలు ముందు వచ్చి మనుషుల గురించి తరువాత ఆలోచించిన కేంద్రాలను చూశాను. ఆరు నెలలు తిరిగేసరికి గదికి తాళం పడుతుంది. తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కూడా ఎవరూ చెప్పలేరు.

నగరంలో ఒకే వీధిలో ఒక ఇంట్లో మూడు ల్యాప్‌టాప్‌లు ఉంటాయి, పక్కింట్లో నలుగురికి కలిపి ఒక ఫోను ఉంటుంది. ఆ రెండో ఇంటి కోసం పెట్టే కేంద్రం గురించే ఈ వివరమంతా. ఎనిమిది నుంచి పది యంత్రాలుండే చిన్న కేంద్రాన్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. అడుగుల వరుస మాత్రం మార్చకండి.

1. ముందు నోటు పుస్తకం పట్టుకుని తిరగండి

రెండు వారాలు సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లండి. “కంప్యూటర్ నేర్చుకుంటారా?” అని మాత్రం అడగకండి. మొహమాటానికి అందరూ అవుననే అంటారు, కేంద్రం తెరిచిన రోజున ఒక్కరూ కనిపించరు.

ఇలా అడగండి: “ఆన్‌లైన్‌లో చేయాల్సిన పని కోసం ఈ మధ్య ఎవరి దగ్గరికి వెళ్లారు? ఏం పని? ఎన్నిసార్లు తిరిగారు?” జవాబులను నాలుగు గళ్లలో రాసుకోండి: పని, అది ఎక్కడ ఆగింది, ఖాళీ దొరికే వేళ, హాయిగా చదవగలిగే భాష.

ఈ నాలుగింటిలో రెండో గడి బంగారం. చాలా ఇళ్లలో ఫోను ఉంటుంది, పని కూడా ఫోనులోనే మొదలవుతుంది. ఫొటో 50 కిలోబైట్లకు మించకూడదని దరఖాస్తు అడిగిన చోట ఆగుతుంది. ఐదు కాగితాలను ఒకే పీడీఎఫ్‌గా జత చేయమన్న చోట ఆగుతుంది. ముద్రించి, సంతకం చేసి, మళ్లీ స్కాన్ చేసి పంపమన్న చోట పూర్తిగా ఆగిపోతుంది. మీకు కావలసింది పది కంప్యూటర్లా, లేక ఐదు కంప్యూటర్లూ ఒక మంచి స్కానరూనా అన్నది ఈ గడి చూస్తే తేలిపోతుంది.

ముందుకు వెళ్లే ముందు సరిచూసుకోండి:

- కనీసం 40 ఇళ్లవారితో మాట్లాడారా? వాటిలో సగం మాటలైనా ఆ ఇంటి ఆడవాళ్లతో జరిగాయా?
- ఎక్కువమంది చెప్పిన ఐదు పనులు ఒక కాగితం మీద రాశారా?
- ఇలాంటి సేవ ఇచ్చే గ్రంథాలయమో బడో దగ్గరలో ఉందా? ఉంటే కొత్త కేంద్రం మాట మానేసి, వాళ్ల వేళలు పెంచడానికి సాయపడటం తేలిక.

2. గది, వేళలు

గది నేలమీది అంతస్తులో ఉండాలి. తలుపు తెరిస్తే లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనిపించాలి. కూతురిని పంపాలా వద్దా అని ఆలోచించే తల్లి ముందు చూసేది అదే. మరుగుదొడ్డి ఉండాలి. గుమ్మం వెడల్పు 80 సెంటీమీటర్లకు తగ్గితే చక్రాల కుర్చీ లోపలికి రావడం కష్టం. కనీసం ఒక బల్ల కింద మోకాళ్లు దూరేంత ఖాళీ, అంటే 70 సెంటీమీటర్ల ఎత్తు ఉండేలా చూడండి.

వేళలు మీకు వీలైనప్పుడు కాదు, పుస్తకంలోని మూడో గడి చెప్పినప్పుడు. పనులకు వెళ్లే వాళ్లకు ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా తెరిచి ఉండే కేంద్రం ఉన్నా లేనట్టే. వారంలో మూడు సాయంత్రాలు, ఒక సెలవు రోజు చాలు. కానీ ఆ వేళలు ఏడాదంతా మారకూడదు. ఒక్కసారి వచ్చి తాళం చూసి వెళ్లిన మనిషిని రెండోసారి రప్పించడం ఎంత కష్టమో అనుభవం మీద తెలిసింది.

గది ఉచితంగా ఇచ్చినా సరే, ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. తాళాలు ఎవరివి, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేయమనాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలి, పరికరాలు ఎవరి సొత్తు. ఈ నాలుగూ చాలు.

3. కరెంటు, తీగలు, ఇంటర్నెట్

లెక్క వేసుకోండి. మానిటరుతో కలిపి ఒక డెస్క్‌టాప్ సుమారు 100 నుంచి 150 వాట్లు తీసుకుంటుంది. పది ఉంటే 1000 నుంచి 1500 వాట్లు. ల్యాప్‌టాప్‌లైతే అందులో సగం కూడా కాదు, పైగా కరెంటు పోయినా కాసేపు నడుస్తాయి. కొత్తగా కొనే స్తోమతు ఉంటే ల్యాప్‌టాప్‌ల వైపే మొగ్గుతాను. దానంగా వచ్చేవి ఎక్కువగా డెస్క్‌టాప్‌లే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిగ్గా ఉందో లేదో చూపించండి. ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో బోర్డు తగిలించే పని ఎప్పుడూ చేయకండి. లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు (కరెంటు పోతే బ్యాటరీతో కాసేపు నడిపే పెట్టె) కలపకండి. అది కాగితం ముద్రించే ముందు వేడెక్కడానికి ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది, యూపీఎస్ తట్టుకోలేక మొత్తం వరుసను ఆపేస్తుంది. దరఖాస్తు చివరి పేజీలో ఉన్నవాళ్ల ముఖాలు అప్పుడు చూడాలి.

బల్లల మీది యంత్రాలకు వైఫై కంటే తీగే నయం. 16 రంధ్రాల నెట్‌వర్క్ స్విచ్చి (కేబుళ్లన్నిటినీ కలిపే పెట్టె) ఒకటి, గోడ వెంట బిగించిన కేబుళ్లు చాలు. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకపోతే ఇబ్బంది లేదు. సొంత ఫోన్లతో వచ్చేవాళ్లకు వేరే పేరుతో, వేరే పాస్‌వర్డ్‌తో అతిథి వైఫై పెట్టండి.

ఇంటర్నెట్ తీసుకునేటప్పుడు అందరూ దించుకునే వేగమే అడుగుతారు. పంపే వేగం కూడా అడగండి. ఒక వీడియో కాల్‌కు అటూ ఇటూ సెకనుకు సుమారు 2 మెగాబిట్ల చొప్పున కావాలి. నలుగురు ఒకేసారి ఇంటర్వ్యూలోనో ఆన్‌లైన్ తరగతిలోనో ఉంటే పంపే వైపే 8 మెగాబిట్లు పోతాయి. మిగతావాళ్లు అదే సమయంలో స్కాన్ చేసిన కాగితాలు ఎక్కిస్తుంటారు.

4. పాత యంత్రాలు: ఏవి తీసుకోవాలి, ఏవి వద్దనాలి

వద్దనడం నేర్చుకోండి. దానం పేరుతో చెత్త వదిలించుకునేవాళ్లు ఉంటారు. దాన్ని పారేసే ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

తీసుకోదగినవి:

- 64 బిట్ ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్. 8 జీబీ ఉంటే మేలు.
- ఒకే నమూనా యంత్రాలు నాలుగైదు కలిసి వస్తే ముందు వాటిని. ఒకటి చెడితే దాని భాగాలు మిగతావాటికి పనికొస్తాయి.
- పాత హార్డ్ డిస్కు ఉన్నా ఫరవాలేదు. దాని స్థానంలో చిన్న ఎస్‌ఎస్‌డీ (కదిలే భాగాలు లేని, వేగంగా నడిచే డిస్కు) వేస్తే నిమిషాల తరబడి తెరుచుకునే యంత్రం అర నిమిషంలో తెరుచుకుంటుంది. ఈ మరమ్మతులన్నిటిలో పెట్టిన డబ్బుకు ఇంత ఫలితమిచ్చేది మరొకటి లేదు.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్, కొంత కొత్త ప్రాసెసర్ కావాలి. కాబట్టి దానంగా వచ్చే చాలా యంత్రాల్లో అది నిలవదు. అడ్డదారిన ఎక్కించే చిట్కాలు ఉన్నాయి. జనం తమ బ్యాంకు పనులు చేసుకునే చోట వాటి జోలికి వెళ్లకండి. విండోస్‌కు బదులు లైనక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాని ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం పాత యంత్రాల మీద చక్కగా నడుస్తుంది, ఉచితం. ఎక్కువమంది బ్రౌజర్‌లోనే పని ముగించుకునే కేంద్రమైతే గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ కూడా చూడవచ్చు.

పాత యజమాని సమాచారం తుడవడం మీ బాధ్యత. హార్డ్ డిస్కులైతే ఎన్‌వైప్ వంటి ఉచిత సాధనంతో పూర్తిగా తిరగరాయండి. ఎస్‌ఎస్‌డీలకు ఆ పద్ధతి నమ్మదగినది కాదు. వాటిలోనే ఉండే సురక్షిత తుడిచివేత ఆదేశం వాడాలి. ఏ యంత్రం ఎప్పుడు తుడిచారో రాసి, ఇచ్చినవాళ్లకు ఒక ప్రతి పంపండి. వచ్చే ఏడాది మళ్లీ ఇస్తారు.

ఇక్కడ నన్ను మూడు రోజులు తిప్పలు పెట్టిన చిన్న సంగతి ఒకటి చెప్పాలి. ఒక యంత్రంలో ఏ వెబ్‌సైటు తెరిచినా “ఈ అనుసంధానం సురక్షితం కాదు” అని వచ్చేది. కేబుల్ మార్చాం, బ్రౌజర్ మార్చాం, చివరికి వ్యవస్థ మొత్తం తిరిగి ఎక్కించాం. దోషం తెర మూలన ఉన్న తేదీలో ఉంది: అది ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్లిపోయింది. మదర్‌బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే ప్లగ్గు తీసిన ప్రతిసారీ గడియారం వెనక్కి పోతుంది. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలను బ్రౌజర్ నమ్మదు. అప్పటి నుంచి పాత యంత్రం లోపలికి రాగానే ముందు ఆ బిళ్ల మార్చేస్తున్నాం.

5. ఒక్క యంత్రం సిద్ధం చేసి, మిగతావాటికి నకలు తీయండి

పది యంత్రాలను పది రకాలుగా సిద్ధం చేస్తే పది రకాల తలనొప్పులు. ఒకదాన్ని తీరిగ్గా సిద్ధం చేసి, క్లోన్‌జిల్లా అనే ఉచిత సాధనంతో దాని ప్రతి తీసుకుని మిగతావాటిలో పోయండి. ఏదైనా పాడైనా అదే ప్రతితో గంటలోపు మళ్లీ నిలబడుతుంది.

ఆ యంత్రంలో ఉండాల్సినవి:

- అతిథి ఖాతా. బయటికి రాగానే చేసిందంతా చెరిగిపోవాలి. లైనక్స్ మింట్‌లో లాగిన్ తెర అమరికల్లోనే ఈ వెసులుబాటు ఉంది.
- లిబ్రే ఆఫీస్ (ఉత్తరాలు, లెక్కల పట్టికలు రాసుకునేది), ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్, పీడీఎఫ్‌లు కలపడానికీ ఫొటో పరిమాణం తగ్గించడానికీ ఒక్కో సులువైన సాధనం.
- పేటవాళ్లు మాట్లాడే భాషల కీబోర్డులు. అక్షరాలు అంటించిన కీబోర్డులు రెండైనా ఉంచండి.
- పిల్లలకు జీకాంప్రి (ఆటలతో నేర్పేది), టక్స్ పెయింట్ (బొమ్మలు వేసేది), స్క్రాచ్ (దిమ్మెలు పేర్చి ప్రోగ్రాములు చేసేది).
- తెర చదివి వినిపించే సాధనం: లైనక్స్‌లో ఓర్కా, విండోస్‌లో ఎన్‌వీడీఏ. ఇద్దరు సహాయకులకైనా దాన్ని నడపడం వచ్చి ఉండాలి.
- ఇంటర్నెట్ లేనప్పుడు అక్కరకు రావడానికి ఒక చిన్న సర్వరు (మిగతా యంత్రాలకు అందించే కంప్యూటర్) మీద కోలిబ్రి పాఠాలు, కివిక్స్‌లో వికీపీడియా.

అశ్లీల, హానికర సైట్లను ఆపడానికి రూటర్‌లో డీఎన్‌ఎస్ (సైటు పేరును బట్టి దాని అంకెల చిరునామా వెతికే సేవ) చిరునామాను క్లౌడ్‌ఫ్లేర్ సంస్థవారి 1.1.1.3కు మార్చడం అన్నిటికంటే తేలిక. ఐదు నిమిషాల పని. అదొక్కటే పిల్లలను కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. తెరలన్నీ గది మధ్యలోకి కనిపించేలా బల్లలు వేస్తే దానికంటే ఎక్కువ పనిచేస్తుంది. ఒక మూల బల్ల మాత్రం పక్కచూపులు పడకుండా మరుగుగా, సహాయకుడి కుర్చీకి దగ్గరగా ఉంచండి. ఆరోగ్యం, కోర్టు, బ్యాంకు పనులు నలుగురిలో చేసుకునేవి కావు.

6. పక్కన కూర్చునే మనిషి

కేంద్రం నిలిచేదీ కూలేదీ ఇక్కడే. అందుకే ఈ అడుగు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సహాయకులను ఎంచుకునేటప్పుడు కంప్యూటర్ ఎంత వచ్చో ఆఖరున చూడండి. నిపుణులు తరచూ చెడ్డ సహాయకులవుతారు. ఎదుటివాళ్లు వెతుకుతున్న బొత్తాం వాళ్లకు ముందే కనిపిస్తుంది, చేయి ఊరుకోదు. నేను పెట్టే పరీక్ష చిన్నది. కంప్యూటర్ రాని ఒకరి పక్కన పావుగంట కూర్చోబెట్టి చూస్తాను. ఎన్నిసార్లు మౌసు లాక్కున్నారన్నదే మార్కు.

మొదటి నియమం: సహాయకుడి చేయి మౌసును తాకకూడదు. వేలితో తెరమీద చూపించవచ్చు, మాటతో చెప్పవచ్చు. అంతే. “నేను చేసి చూపిస్తాను, చూడండి” అన్న మాటతో పని ఆ పూటకు అయిపోతుంది. మనిషి మాత్రం వచ్చినట్టే వెళ్లిపోతారు, వచ్చే నెల అదే పనికి మళ్లీ వస్తారు.

ఓసారి ఒక పెద్దావిడ మౌసును బల్ల అంచు దాకా జరిపి ఆగిపోయారు. బాణం ఇంకా తెర మధ్యలోనే ఉంది. “ఇక చోటు లేదు నాయనా, బల్ల చిన్నది” అన్నారు. మౌసును పైకెత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని, ఎత్తినప్పుడు బాణం కదలదని చెప్పాలన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. మనకు ఎప్పుడు తెలిసిందో కూడా గుర్తులేని విషయాలే కొత్తవాళ్లకు గోడలై నిలబడతాయి. సహాయకుల శిక్షణ మొదటి రోజున అలాంటివి ఇరవై రాయమనండి. ఉదాహరణకు, రెండుసార్లు నొక్కేటప్పుడు చేయి కదిలిపోయి ఫైలు తెరుచుకోదు. నొక్కే వేగాన్ని అమరికల్లో తగ్గించవచ్చు, లేదా ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టమనవచ్చు.

సహాయకుల దగ్గర సంతకం తీసుకోవాల్సిన మాటలు:

- ఎవరి పాస్‌వర్డూ, ఓటీపీ అడగను, వినను, రాసుకోను. వాళ్లు కొడుతున్నప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంటాను.
- ఇక్కడ చూసిన కాగితాల గురించి బయట మాట్లాడను.
- సాయానికి డబ్బు గానీ బహుమతి గానీ తీసుకోను.
- పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండను.

ఒక పూటకు ఇద్దరు తప్పనిసరి. ఒకరికి జ్వరం వచ్చినా తలుపు తెరుచుకోవాలి. కొత్తవాళ్లు ఉన్న రోజు నలుగురికి ఒకరు చొప్పున సహాయకులు కావాలి. అంతకంటే తక్కువైతే వెనక వరుసవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు.

7. మొదటి నెల పాఠాలు

కంప్యూటర్ భాగాల పేర్లతో మొదలుపెట్టకండి. సీపీయూ అంటే ఏమిటో తెలియకుండానే జీవితమంతా వాడుకోవచ్చు. ప్రతి పాఠం గంట. ప్రతి పాఠం చివర చేతికి ఏదో ఒకటి రావాలి: ముద్రించిన కాగితం, పంపిన ఉత్తరం, దొరికిన సమాచారం.

నాకు కుదిరిన వరుస ఇది:

- మొదటి వారం: టక్స్ పెయింట్‌లో బొమ్మ, సాలిటైర్ పేకాట. పట్టి లాగడం, వదలడం చేతికి వస్తాయి. పెద్దవాళ్లు పేకాటకు నవ్వుతారు, మానరు. తరువాత తమ పేరు, చిరునామా సొంత భాషలో టైపు చేసి ముద్రించడం.
- రెండో వారం: దాచడం, దాచింది వెతకడం. ఇది అందరూ అనుకునే దానికంటే కష్టం, రెండు పాఠాలు ఇవ్వండి. అతిథి ఖాతా అన్నీ చెరిపేస్తుంది కాబట్టి పెన్‌డ్రైవ్‌లోకి దాచడం ఇక్కడే నేర్పాలి.
- మూడో వారం: ఈమెయిల్, ఫైలు జత చేయడం, ఫొటో పరిమాణం తగ్గించడం.
- నాలుగో వారం: వాళ్లు తెచ్చుకున్న అసలు పని, మోసాలను గుర్తుపట్టడం.

ఈమెయిల్ వారంలోనే ఎక్కువ కన్నీళ్లు. ఖాతా తెరుస్తారు, వారంలో పాస్‌వర్డ్ మరిచిపోతారు. తిరిగి తెరవడానికి ఇచ్చిన ఫోను నంబరు ఇంట్లో ఇంకొకరిది, లేదా ఈలోగా మారిపోయింది. అందుకే ఖాతా తెరిచే రోజున ప్రతివాళ్లూ సొంత చిన్న పుస్తకం తెచ్చుకోవాలి. పొడవైన, తమకే తట్టే నాలుగైదు మాటల పాస్‌వర్డ్ పెట్టుకుని, ఇంట్లో దాచుకునే ఆ పుస్తకంలో రాసుకోవాలి. పుస్తకంలో రాయడం తప్పని చాలామంది చెబుతారు. గుర్తుండదని 123456 పెట్టుకోవడం కంటే బీరువాలో పుస్తకం వెయ్యి రెట్లు మేలు.

మోసాల పాఠాన్ని ఉపన్యాసంగా చెప్పకండి. వాళ్ల ఫోన్లకే వచ్చిన సందేశాలు తీయించి, “ఇందులో మనల్ని తొందరపెడుతున్న మాట ఏది?” అని వెతికించండి. లింకులో సైటు పేరు (https:// తరువాత వచ్చే మొదటి / గుర్తుకు ముందున్న భాగం) చివర ఏముందో చదవడం నేర్పండి.

8. గోడ మీద రాయాల్సిన నియమాలు

ఐదుకు మించితే ఎవరూ చదవరు. ఒక్కొక్కరికి 45 నిమిషాలు, వెనక ఎవరూ లేకపోతే పొడిగింపు. దరఖాస్తు, ఉద్యోగం, పరీక్ష పనులకు ఆటలకంటే ముందు వరుస. శబ్దమున్నదేదైనా హెడ్‌ఫోనుతోనే. ముద్రణకు రోజుకు ఇన్ని పేజీలని పరిమితి. వెళ్లేటప్పుడు ఖాతా మూసి, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లాలి.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సరిచేసే దారులు

కుర్రాళ్లు అన్ని కుర్చీలూ ఆక్రమిస్తారు. వాళ్లను వెళ్లగొట్టవద్దు. ఆటలకు వేరే గంట ఇవ్వండి, వారంలో ఒక పూట ఆడవాళ్లకే కేటాయించండి. ఆ కుర్రాళ్లలో ఓర్పున్న ఇద్దరిని సహాయకులుగా తీసుకోండి. మా దగ్గర అందరికంటే మంచి సహాయకురాలిని ఆటల గంటలోంచే తెచ్చుకున్నాం.

పాడవుతాయన్న భయంతో మంచి యంత్రాలకు గుడ్డ కప్పి ఉంచుతారు. వాడితే చెడే యంత్రాన్ని బాగుచేయవచ్చు. భయపడి వెనక్కి వెళ్లిన మనిషి మళ్లీ రారు.

కేంద్రం అన్నీ తెలిసిన ఒక్క మనిషి మీద నడుస్తుంది. రూటరు పాస్‌వర్డ్, నకలు ప్రతి ఉన్న డిస్కు, ఇంటర్నెట్ ఖాతా వివరాలు ఒక కవరులో పెట్టి సీలు వేసి, రెండో బాధ్యుడికి అప్పగించండి.

అప్‌డేట్లు జనం ఉన్నప్పుడే మొదలవుతాయి, ఇంటర్నెట్ నత్తనడక నడుస్తుంది. నెలకు ఒక మధ్యాహ్నం మరమ్మతు పూట పెట్టుకోండి:

- అప్‌డేట్లు, దుమ్ము దులపడం, కీబోర్డుల శుభ్రత.
- యూపీఎస్ ప్లగ్గు తీసి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూడటం.
- అదనపు మౌసులు, హెడ్‌ఫోన్లు, ప్రింటరు టోనర్ ఉన్నాయా? ముందు అయిపోయేవి ఇవే.
- ఎనిమిది యంత్రాలకు ఒకటి చొప్పున సిద్ధంగా ఉంచిన అదనపు యంత్రం నడుస్తోందా?

10. మూడో నెలలో లెక్క

రోజుకు ఎంతమంది వచ్చారన్న సంఖ్య డబ్బిచ్చేవాళ్లకు నచ్చుతుంది, మీకు పెద్దగా ఏమీ చెప్పదు. గుమ్మం దగ్గర పుస్తకంలో మూడే గళ్లు పెట్టండి: ఏ పనికి వచ్చారు, అయిందా, సాయం ఎంత కావలసి వచ్చింది. మూడో గడిలో ‘పూర్తిగా’, ‘కొంచెం’, ‘అక్కర్లేదు’ అన్న మాటల్లో ఒకటి. పుస్తకాన్ని ఆ రోజు సహాయకుడే పట్టుకోవాలి. సొంత సమాచారమేదీ అందులోకి రాకూడదు, ఇంటి పేరు కూడా వద్దు. పేరుకు బదులు ఒక్కొక్కరికి కేంద్రం ఇచ్చిన వరుస సంఖ్య చాలు.

మూడు నెలలయ్యాక ఒక సాయంత్రం సహాయకులంతా కూర్చుని ఆ పుస్తకం తిరగేయండి. ఒకే సంఖ్య పక్కన ఒకే పనికి నాలుగోసారి కూడా ‘పూర్తిగా’ అని ఉంటే, ఆ రోజుల్లో ఎవరి వంతో చూడండి. ఎక్కడో ఒక చేయి మౌసు మీదకు వెళుతోంది. ‘కాలేదు’ అన్నవి ఒకే రకం పని దగ్గర పోగుపడితే, అదే వచ్చే నెల మొదటి పాఠం. ‘అక్కర్లేదు’ దాకా వచ్చిన సంఖ్యలను విడిగా రాసుకోండి. తరువాతి నెల సహాయకుల కోసం ఎవరి తలుపు తట్టాలో ఆ జాబితా చెబుతుంది.